ఎస్కేప్: బయటపడే దారుల పరిశీలన

ఎస్కేప్ అన్న ఇంగ్లీషు మాట తెలుగు సంభాషణలో ఎప్పుడో కలిసిపోయింది. పని ఎగ్గొట్టి జారుకున్నవాణ్ణీ ఎస్కేప్ అయ్యాడనే అంటాం, లారీ కింద పడబోయి బతికినవాణ్ణీ ఎస్కేప్ అయ్యాడనే అంటాం. నిఘంటుకారులు దీని మూలాన్ని లాటిన్‌లో చూపిస్తారు. పట్టుకున్నవాడి చేతిలో పైబట్ట వదిలేసి మనిషి జారిపోవడం అన్నది ఆ మూలార్థం. అక్కడి నుంచి ఈ మాట చాలా దూరం వచ్చింది. గ్రహం ఆకర్షణను దాటే వేగం, గడియారంలో పళ్ళచక్రాన్ని ఆపి వదిలే ఏర్పాటు, కాలువలో మిగులు నీటిని బయటకు పంపే కట్టడం, కీబోర్డు ఎడమ మూలన ఉండే మీట, రాకెట్ కొసన వ్యోమగాముల కోసం అమర్చే మోటారు, మంటల్లో చిక్కినవారు దిగే ఇనుప మెట్లు, చెర నుంచి పారిపోవడం, తోటలోంచి బీళ్ళలోకి పాకిన మొక్క, టీకాకు దొరకని వైరస్, జీవితం నుంచి ముఖం తిప్పుకుందని నింద పడ్డ సాహిత్యం, వీటన్నిటికీ ఈ మాటే చెల్లుతోంది. ఎస్కేప్‌ను మనం సాధారణంగా వ్యవస్థ ఓడిపోయిన క్షణంగా చూస్తాం. కాపలా సడలింది కాబట్టి మనిషి జారిపోయాడనుకుంటాం. పైన చెప్పిన వాడుకల్లో చాలావరకు దీనికి ఎదురు సాక్ష్యం ఇస్తున్నాయి. బయటపడే దారి కట్టడంలో ఒక భాగం. దాన్ని ముందే ఆలోచించి పెట్టినచోట కట్టడం నిలుస్తుంది. మరిచినచోట, లేదా పెట్టి మూసేసినచోట, కట్టడంతో పాటు అందులోని మనుషులూ పోతారు. ఈ వాదన ఒక్కో రంగంలో ఎంతవరకు నిలుస్తుందో చూడాలి. నిలవనిచోటు ఎక్కడో కూడా చెప్పాలి.

అన్నిటికన్నా శుభ్రమైన ఉదాహరణ గడియారం. గోడగడియారంలో వేలాడే బరువుకైనా, చేతిగడియారంలో చుట్టిన స్ప్రింగుకైనా తనలోని బలాన్ని ఒక్కసారిగా వదిలేసే స్వభావం ఉంది. అడ్డం లేకపోతే చక్రాలన్నీ గిర్రున తిరిగి క్షణాల్లో బలం అయిపోతుంది. పూర్తిగా అడ్డుపెడితే ముల్లు కదలదు. ఈ రెంటి మధ్య పనిచేసేది ఎస్కేప్‌మెంట్. లోలకం ఒకవైపు ఊగినప్పుడు పళ్ళచక్రంలో ఒక్క పన్ను తప్పించుకుని ముందుకు జరుగుతుంది, వెంటనే తర్వాతి పన్ను ఆగిపోతుంది. తప్పించుకుపోతున్న ఆ పన్నే లోలకాన్ని కాస్త తోసి దాని ఊపు ఆరిపోకుండా చూస్తుంది. గడియారం టిక్ టిక్ అనడం ఈ విడుదలల చప్పుడే. యూరప్‌లో 13వ శతాబ్దం చివరికల్లా ఇలాంటి యంత్రాలు వచ్చాయి. అంతకు సుమారు రెండు వందల ఏళ్ళ ముందే చైనాలోని కైఫెంగ్ నగరంలో సు సోంగ్ కట్టించిన నీటి గడియారపు గోపురంలోనూ ఇదే ఆలోచన ఉంది. 1656లో హైగెన్స్ లోలకాన్ని తెచ్చాక, ఆ శతాబ్దంలోనే లంగరు ఆకారపు ఎస్కేప్‌మెంట్ కుదిరాక, రోజుకు పావుగంట తప్పే గడియారాలు కొద్ది సెకన్ల తేడాకు వచ్చాయి. బలాన్ని ఎంత గట్టిగా బంధించారన్న దాంట్లో ఈ మెరుగుదల లేదు. దాన్ని ఎంత సమంగా, ఎంత తక్కువ ఒరిపిడితో విడిచారన్న దాంట్లో ఉంది.

నీటి విషయంలో ఇదే సంగతి తెలుగు రైతుకు ఎవరూ నేర్పక్కర్లేదు. కాలువల ఇంజినీరింగులో ఎస్కేప్ అంటే మిగులు నీటిని మురుగుకాలువలోకో ఏటిలోకో వదిలే కట్టడం. వాన పడగానే ఆయకట్టు రైతులంతా తూములు మూస్తే, వాడకం లేని నీళ్ళు కాలువలో పైకి లేస్తాయి, గట్టు మీదుగా పొర్లి గండి కొడతాయి. ఆ నీటికి ముందే ఒక దారి చూపడమే ఎస్కేప్ పని. 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ కాలం నుంచి డెల్టా కాలువల్లో ఇలాంటి ఏర్పాట్లు ఉన్నాయి. అయితే ఆ ఇంగ్లీషు మాట రాకముందే మన చెరువులకు ఆ అంగం ఉంది. అదే అలుగు. తెలంగాణలో మత్తడి అని, నెల్లూరు వైపు కలుజు అని అంటారు. చెరువుకట్ట మట్టిది. లోపలి నుంచి ఎంత నీరు నెట్టినా ఆగుతుంది కానీ, పైనుంచి నీరు పొర్లితే గంటల్లో కరిగిపోతుంది. అందుకే కట్ట కన్నా తక్కువ ఎత్తులో, గట్టి నేల చూసి, రాతితో అలుగు కడతారు. కట్టను కాపాడేది కట్ట మందం ఒక్కటే అయితే అలుగుకు అంత రాయి, అంత శ్రమ పెట్టేవారు కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళ దగ్గర 1369లో చెరువు తవ్వించిన విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వేయించిన శాసనం మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలతో పాటు ఆరు దోషాలనూ చెబుతుంది. నేల కొంచెం, నీరు ఎక్కువ కావడం ఆ దోషాల్లో ఒకటి. నీరు తక్కువైతే నష్టమని ఎవరైనా అనగలరు. ఎక్కువైనా నష్టమేనని రాతి మీద చెక్కించడానికి చెరువుల పోకడ బాగా తెలియాలి.

అలుగును తక్కువ చేసినచోట ఏం జరుగుతుందో చెప్పడానికి దూరం వెళ్ళనక్కర్లేదు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేటి మీద రాజంపేట దగ్గరున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. ఐదు గేట్లలో ఒకటి పనిచేయడం లేదు, వచ్చిన వరద మొత్తం గేట్ల సామర్థ్యాన్నే మించిపోయింది. కింద ఉన్న పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్ళు మనుషుల్ని, ఇళ్ళను, పశువుల్ని, పొలాలను పోగొట్టుకున్నాయి. 1979 ఆగస్టు 11న గుజరాత్‌లో మోర్బీ పట్టణాన్ని ముంచిన మచ్ఛు ఆనకట్ట కథ కూడా ఇదే. లెక్కలో వేసుకున్న దానికన్నా చాలా ఎక్కువ నీరు వచ్చింది, పోవడానికి చోటు చాలలేదు. 2020 అక్టోబరులో హైదరాబాదు చెరువులకు గండ్లు పడ్డప్పుడు కాలనీలే మునిగాయి. నగరంలో అలుగు నీరు పారవలసిన వాగు మీద ఇళ్ళు లేచాక, చెరువుకు అలుగు ఉన్నా లేనట్టే. ఇక్కడ ఒక అభ్యంతరం సహజంగా వస్తుంది. అలుగు మీదుగా పోయేది కూడా నీరే కదా, కరువు సీమలో చుక్క నీరైనా ఎందుకు వదలాలి? అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చి మట్టం పెంచుకునే ఆశ ఈ ప్రశ్నలోంచే పుడుతుంది. జవాబు లెక్కలో ఉంది. బస్తాల వల్ల మిగిలేది ఒక అడుగు నీరు. కట్ట తెగితే పోయేది చెరువు నీరంతా, వచ్చే ఏడు నీరు కూడా. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు అలుగు నీరే కింది చెరువుకు ఆదాయం కనుక, వృథా అన్న మాటకూ అక్కడ చోటు తక్కువే.

కంప్యూటర్ మీట గురించి కొద్దిగా చెబితే చాలు. 1960లో ఐబీఎం ఉద్యోగి బాబ్ బెమర్ ఎదుర్కొన్న చిక్కు ఏమిటంటే, ఒక్కో కంపెనీ యంత్రం అక్షరాలకు ఒక్కో సంకేతపట్టిక వాడేది. ఉన్న పట్టిక నుంచి బయటకు వచ్చి వేరొక పట్టికలోకి వెళ్తున్నామని యంత్రానికి చెప్పడానికి ఒక గుర్తు కావాలని ఆయన ప్రతిపాదించాడు. ఆస్కీ ప్రమాణంలో దాని సంఖ్య 27. నేడు తెర మీద పెట్టెను మూయడానికి నొక్కే ఎస్కేప్ మీట దాని వారసురాలే. భారతీయ లిపులకు 1991లో ఖరారైన ఇస్కీ ప్రమాణం కూడా ఇలాంటి ఉపాయమే చేసింది. తెలుగు, కన్నడ, దేవనాగరి అక్షరాలన్నిటికీ ఒకే సంఖ్యలు ఇచ్చి, ఇక్కడి నుంచి లిపి మారిందని చెప్పే గుర్తును వేరుగా పెట్టింది. చిన్న పట్టికతో పెద్ద ప్రపంచాన్ని రాయగలగడం ఆ ఒక్క గుర్తు వల్ల సాధ్యమైంది. తన హద్దు తనకు తెలిసిన పట్టిక, దాన్ని దాటే దారిని తనలోనే ఉంచుకుంది.

భౌతికశాస్త్రంలో ఎస్కేప్ వేగం ఈ వాదనకు కొంత భిన్నంగా నిలుస్తుంది. భూమిని ఎవరూ కట్టలేదు, దాని ఆకర్షణకు తలుపు పెట్టినవారూ లేరు. అయినా ఆ బంధానికి ఒక వెల ఉంది, అది లెక్కకు అందుతుంది. భూమి ఉపరితలం నుంచి సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగంతో విసిరిన వస్తువు, గాలి ఒరిపిడిని పక్కన పెడితే, తిరిగి రాదు. రాయికీ ఏనుగుకూ ఆ వేగం ఒకటే. బరువుతో పని లేదు, నేలకు తగలకపోతే దిశతోనూ పని లేదు. చంద్రుడి మీద ఇది 2.4 కిలోమీటర్లే కనుక వాయువుల అణువులు అక్కడ నిలవలేదు, చంద్రుడికి మన లాంటి గాలి పొర లేదు. భూమి వాతావరణపు పై పొరల్లోంచి కూడా హైడ్రోజన్ మెల్లగా అంతరిక్షంలోకి పోతూనే ఉంది. రాకెట్ నేల మీదే ఈ వేగం అందుకోవాలన్న అపోహ చాలామందిలో ఉంది. ఇంజను మండుతూ ఉన్నంతసేపు అలాంటి నియమం లేదు. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి లేచిన మంగళయాన్‌ను నేరుగా అంగారకుడి దారి పట్టించే శక్తి పీఎస్‌ఎల్‌వీకి లేదు. భూమి చుట్టూ తిరుగుతూ, భూమికి దగ్గరగా వచ్చినప్పుడల్లా ఇంజను మండించి కక్ష్యను సాగదీసుకుంటూ, చివరికి డిసెంబరు 1 తొలిగంటల్లో ఆ వ్యోమనౌక భూమి పట్టు వదిలించుకుంది. ఇంగ్లండుకు చెందిన జాన్ మిచెల్ 1783లోనే ఈ లెక్కను చివరంటా తీసుకెళ్ళి, వెలుగు కూడా తప్పించుకోలేనంత భారీ నక్షత్రాలు ఉండవచ్చని రాశాడు. నేటి కృష్ణబిలాల ఆలోచనకు అది తొలి రూపం. బయటకు దారి ఏమాత్రం లేని బంధం ప్రకృతిలో అంత అరుదు, అంత విపరీతం.

మనిషి స్వయంగా కట్టిన రాకెట్‌లో మాత్రం దారి పెట్టే బాధ్యత మనిషిదే. 1983 సెప్టెంబరు 26న బైకనూర్ ప్రయోగవేదిక మీద సోయజ్ రాకెట్ అడుగున, ప్రయోగానికి సుమారు తొంభై సెకన్ల ముందు మంటలు లేచాయి. లోపల వ్లదీమిర్ తితోవ్, గెన్నాది స్త్రెకాలోవ్ ఉన్నారు. తీగలు కాలిపోవడంతో, నేల మీది నిర్వాహకులు రేడియో ఆజ్ఞతో కొసన ఉన్న ఎస్కేప్ మోటారును మండించవలసి వచ్చింది. గుళిక విడిపోయి ఎగిరిన కొద్ది సెకన్లకే రాకెట్ పేలిపోయింది. ఇద్దరూ సుమారు నాలుగు కిలోమీటర్ల దూరంలో ప్రాణాలతో దిగారు. 2018 అక్టోబరులో ఇంకో సోయజ్ ఆకాశంలో విఫలమైనప్పుడు కూడా అందులోని ఇద్దరూ బతికారు. దీనికి ఎదురుగా 1986 జనవరి 28ని పెట్టి చూడాలి. చాలెంజర్ షటిల్ లేచిన 73 సెకన్లకు విచ్ఛిన్నమై ఏడుగురు పోయారు. ఆ దశలో బయటపడే ఏర్పాటు ఏదీ వారికి లేదు. కొలంబియా తొలి నాలుగు ప్రయాణాల్లో ఇద్దరికీ ఎజెక్షన్ సీట్లు ఉండేవి. సిబ్బంది పెరిగాక అందరికీ అవి అమర్చే వీలు లేదని, వాహనం ఇక నమ్మదగినదని తీసేశారు. సమర్థించేవారి వాదనలో బలం లేకపోలేదు. ఎస్కేప్ వ్యవస్థ బరువు, ఖర్చు. నూటికి తొంభై తొమ్మిది ప్రయోగాల్లో అది పనికిరాకుండానే సముద్రంలో పడుతుంది. దాని ఇంధనమే ఒక ప్రమాదం. అయినా ఆ బరువు మోయడానికి సిద్ధపడిన నౌకలు మనుషుల్ని వెనక్కి తెచ్చాయి. ఇస్రో గగన్‌యాన్ విషయంలో ఈ పాఠాన్ని మొదటే తీసుకుంది. మనిషి ఎక్కకముందే, అసలు రాకెట్ మనుషులకు తగినదని తేలకముందే, 2018 జులై 5న శ్రీహరికోట వేదిక మీద ఎస్కేప్ పరీక్ష జరిపింది. 2023 అక్టోబరు 21న ఆకాశంలో ధ్వనివేగాన్ని దాటిన స్థితిలో గుళికను విడదీసి బంగాళాఖాతంలో దించింది. పైకి వెళ్ళడం నేర్చుకునే ముందు తప్పించుకోవడం నేర్చుకున్న ఈ వరస మెచ్చుకోదగినది.

ఇంతవరకు యంత్రాలు, నీళ్ళు. మనిషి మనిషిని బంధించినచోట ప్రశ్న కష్టమవుతుంది, చట్టాలు కూడా ఒక్క మాట మీద లేవు. భారత చట్టంలో న్యాయబద్ధమైన కస్టడీ నుంచి పారిపోవడమే నేరం. పాత శిక్షాస్మృతి 224వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 262వ సెక్షన్ దానికి రెండేళ్ళ దాకా జైలు చెబుతున్నాయి. జర్మనీలో అలా కాదు. ఖైదీ ఒంటరిగా పారిపోతే అదొక్కటే నేరం కాదు. కాపలావాణ్ణి కొట్టినా, గోడ పగలగొట్టినా, ఇంకొకరు సాయపడినా శిక్ష ఉంటుంది. స్వేచ్ఛ కోరడం మనిషి స్వభావమన్నది దాని వెనకున్న ఆలోచన. యుద్ధఖైదీల విషయంలో 1949 నాటి మూడో జెనీవా ఒప్పందం ఇంకా ముందుకు వెళ్ళింది. పారిపోయి తన సైన్యంలో చేరినవాడు మళ్ళీ పట్టుబడితే పాత పలాయనానికి శిక్ష లేదు. మధ్యలో పట్టుబడితే క్రమశిక్షణ చర్య మాత్రమే. ఈ నియమాల విలువ 1944 మార్చి చివర తెలిసింది. సాగన్ దగ్గరి జర్మన్ శిబిరం నుంచి సొరంగం తవ్వి 76 మంది వైమానికులు బయటపడ్డారు. ముగ్గురు తప్ప అందరూ దొరికారు. వారిలో 50 మందిని హిట్లర్ ఆజ్ఞతో కాల్చి చంపారు. పారిపోయినందుకు చంపకూడదన్న నియమం అప్పటికే, 1929 ఒప్పందం నాటికే ఉంది. కాబట్టి యుద్ధం ముగిశాక ఆ హంతకులను యుద్ధనేరస్థులుగా విచారించారు. ఖైదీకి తలుపు తెరిచి పెట్టమని ఎవరూ అనరు. కానీ పారిపోవాలన్న కోరికనే నేరంగా చూడకపోవడం చట్టం తనకు తాను పెట్టుకున్న హద్దు.

ఆ హద్దు లేని వ్యవస్థలు ఎంత దూరం పోయాయో చరిత్ర దాచలేదు. అమెరికాలో 1850 నాటి చట్టం, బానిసత్వం లేని రాష్ట్రాల ప్రజలు కూడా పారిపోయి వచ్చిన బానిసలను పట్టి అప్పగించాలని నిర్బంధించింది. 1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు బానిసలు పారిపోవాలనుకోవడం ఒక మానసిక రోగమని పేరు పెట్టి మరీ రాశాడు. 1838లో బాల్టిమోర్ నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్, 1849లో తప్పించుకుని మళ్ళీ మళ్ళీ వెనక్కి వెళ్ళి ఇతరులను తెచ్చిన హారియెట్ టబ్మన్ ఆ లెక్కన రోగులు. ఒక వ్యవస్థ తనలోంచి బయటపడాలన్న కోరికను జబ్బు అనవలసి వచ్చిందంటే, అది తన మీద తానే తీర్పు రాసుకున్నట్టు. తెలుగువారికి ఇది దూరపు కథ కాదు. మద్రాసు రేవు నుంచి 1860లో దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు మొదలైన ఒప్పంద కూలీల ప్రయాణాల్లో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. కోరంగి, విశాఖ తీరాల నుంచి వెళ్ళినవారు మారిషస్‌లో ఉన్నారు. కాగితం మీద అది ఐదేళ్ళ ఉద్యోగ ఒప్పందం. కానీ అనుమతి చీటీ లేకుండా తోట దాటితే జరిమానా, జైలు. కూలీ మానేయడం సివిల్ తగాదా కావలసినచోట క్రిమినల్ నేరమైంది. ఒప్పందానికీ బానిసత్వానికీ తేడా చెప్పడానికి ఈ ఒక్క పరీక్ష చాలు: దాంట్లోంచి వెళ్ళిపోతే ఏమవుతుంది? 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చినప్పుడు అది చేసిన ముఖ్యమైన పని ఆ అప్పుల్ని రద్దు చేయడం, అంటే తలుపుకు వేసిన తాళాన్ని తీసేయడం.

ఈ వాదనకు అసలు అడ్డం జీవశాస్త్రంలో ఎదురవుతుంది. అక్కడ తప్పించుకోవడం చాలాసార్లు కీడు. అందం కోసం దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన గుర్రపుడెక్క చెరువుల్ని, కొల్లేటిని కమ్మేసింది. 1870ల్లో వంటచెరకు కోసం కడప జిల్లా కమలాపురం దగ్గర నాటిన సర్కారు తుమ్మ, నాటినచోట ఆగలేదు. రాయలసీమ, తెలంగాణ బీళ్ళన్నీ ఆక్రమించి పశువుల మేతనేలను మింగింది. ఫ్లూ వైరస్ తన పైపొరను కొద్దికొద్దిగా మార్చుకుంటూ నిన్నటి రోగనిరోధకతకు దొరక్కుండా పోతుంది. 2021 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరు పెట్టిన ఒమిక్రాన్ టీకా వేసుకున్నవారినీ తాకింది. ఈ పలాయనాలను ఎవరూ సమర్థించరు. ఎస్కేప్ ఎప్పుడూ మంచిదన్న మాట తప్పని ఇవి తేలుస్తున్నాయి. అయితే ఇవి వాదనను వేరే వైపు నుంచి బలపరుస్తాయి కూడా. గుర్రపుడెక్కను తెచ్చినవారు అది కుండీ దాటితే ఏమిటని అడగలేదు, అందుకే నష్టం. ఫ్లూ టీకా తయారుచేసేవారు వైరస్ తప్పించుకుంటుందని మొదటే ఒప్పుకున్నారు, కాబట్టి ఏటా రెండుసార్లు, రెండు అర్ధగోళాలకు వేర్వేరుగా, టీకాలో ఏ రకాలు ఉండాలో సరిచూస్తారు. బంధించేవాడు బయటి దారిని ముందే ఊహించాలన్న సూత్రం ఇక్కడా నిలుస్తుంది. ఊహించాక ఆ దారి తెరవాలా, కాపలా పెట్టాలా అన్నది లోపల ఉన్నది ఏమిటన్న దాన్ని బట్టి ఉంటుంది.

సాహిత్యంలో ఎస్కేప్ అన్నది నింద. మన విమర్శలో పలాయనవాదం అంటారు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిన కాలంలో భావకవిత్వం మీద పడ్డ ప్రధాన ఆరోపణ ఇదే. ఆకలి, అణచివేత ఎదురుగా ఉండగా ఊహాప్రేయసి గురించి, వెన్నెల గురించి రాయడం బాధ్యత వదిలి పారిపోవడమని వారు అన్నారు. ఆ కోపానికి కారణం ఉంది, ఆ కోపం తెలుగు కవిత్వానికి చేసిన మేలూ ఉంది. కానీ ఆ మాట రెండు వేర్వేరు పనుల్ని ఒకే గాటన కడుతోంది. ఇంగ్లీషు రచయిత టోల్కీన్ 1939 నాటి తన ఉపన్యాసంలో, తర్వాత దాన్ని విస్తరించిన వ్యాసంలో ఈ తేడాను చూపాడు. చెరలో ఉన్నవాడు ఇంటి గురించి ఆలోచించడం ఒకటి, పోరాటంలో ఉన్న సైనికుడు స్థానం వదిలి పారిపోవడం మరొకటి. భావకవి కృష్ణశాస్త్రి తరం స్వేచ్ఛ గురించి కన్న కలలు కులం కట్టుబాట్లలో, పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళలో చిక్కిన యువతకు మొదటి రకం దారి చూపాయి. ఊహలోనైనా చూడని జీవితాన్ని బయట ఎవరూ అడగలేరు. మరి సినిమా, ఆటలు, గంటల తరబడి సెల్‌ఫోను? వాటిలో రెండో రకం చాలా ఉందన్నది నిజం. ఒక కథ నుంచి లేచినవాడికి తన జీవితం ఎదుర్కొనే శక్తి పెరిగిందా తగ్గిందా అన్నదే దాన్ని తూచే కొలత. ఆ కొలత పుస్తకానిదీ సినిమాదీ కాదు, పాఠకుడితో అది చేసిన పనిది.

ఎస్కేప్ అన్న మాట అతి భయంకరంగా అక్షరాలా నిజమయ్యే చోటు అగ్నిప్రమాదం. 1903 డిసెంబరు 30న చికాగోలో, మంటలకు చెక్కుచెదరదని ప్రకటించుకున్న ఇరొక్వా థియేటరులో 600 మందికి పైగా చనిపోయారు. బయటకు తలుపులు లేక కాదు. కొన్ని తెరల వెనక దాగాయి, కొన్నిటికి తాళం, కొన్నిటి గడియ ఎలా తీయాలో ఎవరికీ తెలియదు. 1911 మార్చి 25న న్యూయార్క్‌లో ట్రయాంగిల్ చొక్కాల ఫ్యాక్టరీలో 146 మంది, ఎక్కువమంది వలస వచ్చిన యువతులు, పోయారు. ఒకవైపు మెట్ల తలుపుకు తాళం ఉంది. వెనక ఉన్న ఇనుప ఫైర్ ఎస్కేప్ బరువుకు కూలిపోయింది. 1942లో బోస్టన్‌లోని కొకోనట్ గ్రోవ్ క్లబ్బులో 492 మంది చనిపోవడానికి తిరుగుడు తలుపు ఇరుక్కుపోవడం ఒక ముఖ్య కారణం. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది ఊపిరాడక పోయారు. బాల్కనీలో ఒకవైపు దారిని మూసి అదనపు సీట్లు వేశారు. 2004 జులై 16న కుంభకోణం బడిలో 94 మంది పిల్లలు పోయారు, అందరికీ కలిపి ఉన్నది ఒక ఇరుకు మెట్లదారి. 2025 మే 18న హైదరాబాదు చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 17 మంది, అందులో చిన్నపిల్లలు, ఒక పాత ఇంట్లో చిక్కుకుని చనిపోయారు. అక్కడా లోపలికి రావడానికీ బయటకు పోవడానికీ ఉన్నది ఒక ఇరుకు దారి. దేశం, కాలం, నిప్పు పుట్టిన కారణం అన్నీ వేరు. బయటపడే దారి విషయం ఒకటే.

తాళం వేసినవారికి వారి కారణం ఉంది, దాన్ని వినాలి. ట్రయాంగిల్ యజమానులు బట్ట దొంగతనం గురించి చెప్పారు. ఆ తలుపుకు తాళం ఉన్న సంగతి వారికి తెలుసని రుజువు కాలేదని జ్యూరీ వారిని వదిలేసింది. నేటి దుకాణదారుడు, హాస్టలు వార్డెన్, అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి చెప్పేదీ అదే: దొంగలు వస్తారు, పిల్లలు మేడ మీదికి పోతారు, టికెట్ లేనివాళ్ళు జొరబడతారు. ఈ భయం నిజమైనదే, కానీ దీనికి జవాబు నూరేళ్ళ కిందటే దొరికింది. ఇరొక్వా ప్రమాదం తర్వాత అమెరికాలో తయారైన అడ్డకడ్డీ తలుపు బయటివాడికి తాళం, లోపలివాడికి ఒక్క తోపు. చీకట్లో, పొగలో, వెనక నుంచి జనం నెడుతున్నా నడుముతో ఒత్తితే తెరుచుకుంటుంది. దానికి అలారం తగిలిస్తే దొంగ కూడా చప్పుడు చేయకుండా పోలేడు. దొంగతనమా ప్రాణమా అని ఎంచుకునే అవసరం ఎప్పుడో పోయింది. ఇప్పుడు తాళం వేయడానికి మిగిలిన కారణాలు ఆ తలుపు ఖర్చు, అలవాటు మాత్రమే. మెట్ల కింద సరుకు పేర్చడం, కిటికీలకు తెరుచుకోని ఇనుప చట్రాలు బిగించడం, సెల్లారును గోదాముగా మార్చడం కూడా ఈ కోవలోవే. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో ఎనిమిది మంది పోయిన లాడ్జి కింద విద్యుత్ స్కూటర్ల షోరూం ఉంది. పొగ పైకి ఎక్కడానికి మెట్లే గొట్టమయ్యాయి.

2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి నాలుగో భాగం బయటపడే దారుల వెడల్పు, దూరం, తలుపు తెరుచుకునే దిశ అన్నీ చెబుతోంది. కాగితం మీద కొరత లేదు. కొరత ఉన్నది అనుమతి వచ్చిన మర్నాటి నుంచి. పరీక్ష నాడు తెరిచి ఉన్న తలుపుకు ఆ తర్వాత తాళం పడుతుంది, అధికారి మళ్ళీ వచ్చే లోపు దాన్ని చూసేది అక్కడికి వచ్చే మనుషులే. కాబట్టి ఇది చదివినవారికి ఒక విన్నపం. ఈసారి పెళ్ళికి ఫంక్షన్ హాలుకు వెళ్ళినా, పిల్లల్ని కోచింగ్ సెంటరులో చేర్చినా, ఆసుపత్రిలో మనవాళ్ళ దగ్గర రాత్రి ఉన్నా, లోపలికి వచ్చిన దారి కాక రెండో దారి ఎక్కడుందో ఒకసారి నడిచి చూడండి. అది మూసి ఉంటే, అక్కడి మేనేజరును పిలిచి తాళం తీయమని అడగండి.